జింక నిలిచే కొలత

సాయంత్రం అయిదయ్యేసరికి పరశురాముడు నాలుగు కొయ్య తుపాకులూ చంకన పెట్టుకుని లిఫ్టులో కిందికి దిగుతాడు. ఆదివారమని లేదు, వానని లేదు. కింద, బ్లాకు స్తంభాల మధ్య ఉండే ఖాళీ జాగాలో రాతి బల్ల మీద వాటిని వరసగా పేర్చి, జేబులోంచి గుడ్డపేలిక తీసి, ఒక్కొక్కదాన్నే కొబ్బరినూనెతో తుడుస్తాడు. చూసేవాళ్ళకి పనీ పాటా లేని ముసలాయన చాదస్తంలా ఉంటుంది. నిజానికి అరవై నాలుగేళ్ళ వయసులో ఆయనకి మిగిలిన పనీ పాటా రెండూ అదే.

పేరుకి తుపాకులే గాని వాటికి గొట్టం లేదు, గుండు లేదు. భుజానికి ఆనే మడమ, చెంప ఆనించుకునే వంపు, వేలు పెట్టడానికి వంచిన మేకు ఒకటి, ముందుకి చీపురుకర్రంత కొయ్య. అంతే. సింగపూరులో తుపాకీ మాట గట్టిగా అంటేనే పక్కవాళ్ళు నోరు నొక్కేస్తారు. ఒకసారి పోలీసులు ఇద్దరు వచ్చారు కూడాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇవి ఉత్త కొయ్యముక్కలేనని రాసుకున్నారు. పోతూ పోతూ వాళ్ళలో ఒకతను తన చెయ్యి కొలిపించుకుని మరీ పోయాడు. సెలవుల్లో ఆస్ట్రేలియా వెళ్ళి వేటాడతాడట.

పరశురాముడి దగ్గరికి వచ్చేవాళ్ళంతా ఇలాంటివాళ్ళే. పళ్ళ డాక్టరొకడు, ఓడల కంపెనీ మేనేజరొకడు, ఎక్కడో చలిదేశాల్లో అనుమతి చీటీ పుచ్చుకుని జింకల వేటకి పోయే సరదారాయుళ్ళు. అక్కడి దుకాణంలో బోలెడు పోసి తుపాకీ కొనే ముందు తమకి ఎంత పొడుగుది, ఎంత బరువుది నప్పుతుందో తెలుసుకోడానికి వస్తారు. పరశురాముడు వాళ్ళ మోచెయ్యి వంచి, ఆ మడత దగ్గర్నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా టేపు పట్టి కొలుస్తాడు. నాలుగింటిలో ఒక కట్టె తీసి చేతికిస్తాడు. కళ్ళు మూసుకుని భుజానికెత్తుకోమంటాడు. అప్పుడు కళ్ళు తెరవమంటాడు.

కొలత కుదిరితే, మైదానం అవతల రైలు వంతెన స్తంభాల దగ్గర జింక వచ్చి నిలబడుతుంది.

మామూలు చుక్కల జింక కాదు. మన దుప్పికి పెద్దన్నలాంటి కణుజు. మలై మాటలో రూసా అంటారు. కొలత అరంగుళం తప్పినా అది రాదు. వచ్చిందా, తుపాకీ ఎత్తినవాడు ఊపిరి వదిలేంతసేపు వాడి వంకే చూసి, కాలవ పక్క చెట్లలోకి వెళ్ళిపోతుంది. అది రాగానే మైదానంలో ఆడుకునే పిల్లలు బంతిని కాలికింద తొక్కిపెట్టి పక్కకి తప్పుకుంటారు. లిఫ్టు దగ్గర నోటీసు బోర్డులో, ఆరేసిన బట్టల నీళ్ళ గురించీ మెట్ల మీద సైకిళ్ళ గురించీ అంటించిన కాగితాల పక్కన, జింకకి రొట్టె పెట్టవద్దని నాలుగు భాషల్లో ఇంకో కాగితం ఉంది. అంతకుమించి దాని గురించి ఎవరూ పట్టించుకోరు.

ఎంతోమందికి నిలిచిన ఆ జింక పరశురాముడికి మాత్రం ఒక్కనాడూ నిలవలేదు. నాలుగు కట్టెలూ ఎత్తి చూసుకున్నాడు, ఐదోది చెక్కి చూసుకున్నాడు, అరిగిపోయేదాకా చిత్రిక పట్టి చూసుకున్నాడు. రాలేదు.

ఆరు గంటలకి మూడో అంతస్తు నుంచి నాగమల్లేశ్వరి దిగుతుంది. స్టీలు గ్లాసులో టీ తెచ్చి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంటుంది. ఆమెకి అరవై. భర్త హరిదాస్ పోయాక మలేషియాలో, పేరాక్‌లో ఇల్లు మూసేసి, కూతురు శర్మిల ఫ్లాటుకి వచ్చి ఏడాదయింది. శర్మిలకి ఆ ఫ్లాటు సర్కారు లాటరీలో వచ్చింది, పరశురాముడికి ఆయనది లాటరీలో వచ్చింది. ఎవరూ ఏరుకున్నది కాదు. మొదటిరోజు లిఫ్టు తలుపు తెరుచుకుని ఒకరినొకరు చూసుకున్నప్పుడు, మళ్ళీ ఆ తలుపు మూసుకునేదాకా ఇద్దరూ ఉన్నచోటే నిలబడిపోయారు.

ఇద్దరూ పేరాక్‌లో ఒకే కొబ్బరితోటలో పుట్టారు. తాతల నాడు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలు. ఆ తోటలో లైను ఇళ్ళ తెలుగువాళ్ళకి ఒక ఆచారం ఉండేది. పెళ్ళివిందుకి జింకమాంసం పెళ్ళికొడుకే తేవాలి. కొనుక్కొస్తే చెల్లదు, అన్నదమ్ములు కొట్టి చేతికిస్తే చెల్లదు. నాగమల్లేశ్వరి తండ్రి ఏడుకొండలు కూలీల మీద కంగాణీ, మాట అంటే మాటే. "జింకని తెచ్చినోడికి పిల్లనిస్తాను" అని తోటంతా వినేలా చెప్పాడు.

తోటలో తుపాకీ ఒకటే, దొరది. పెళ్ళిళ్ళ నెలల్లో అడిగినవాళ్ళకి ఇచ్చేవాడు. తుపాకీ ఒకటైనా మనుషుల చేతులు ఒకటి కావు గనక, పరశురాముడి తండ్రి, తోట వడ్రంగి, ఎవరి కొలతకి వాళ్ళకి మడమ చెక్కి బిగించి ఇచ్చేవాడు. ఆయన పోయాక ఆ పని కొడుక్కి వచ్చింది. పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం, పాతికేళ్ళ పరశురాముడు ఇరవై ఎనిమిది సాయంత్రాలు తనకి తాను మడమలు చెక్కుకున్నాడు. జింక రాలేదు. ఇరవై ఎనిమిది సాయంత్రాలూ నాగమల్లేశ్వరి కొళాయి దగ్గర నిండిన బిందెనే మళ్ళీ నింపుతూ తోట చివరకి చూస్తూ నిలబడింది. ఇరవై తొమ్మిదో రోజు హరిదాస్ వచ్చి, "నా సెయ్యి కూడా కొలువు" అన్నాడు.

కొలవనని అనొచ్చు. పోనీ అరంగుళం తక్కువ చెక్కొచ్చు. ఎవడికి తెలుస్తుంది? పరశురాముడు టేపు తీశాడు, కొలిచాడు, కొలిచినట్టే చెక్కాడు. ఆ సాయంత్రమే కొబ్బరిచెట్ల కింద జింక నిలిచింది, తుపాకీ పేలింది. వారం తిరక్కుండా పరశురాముడు రైలెక్కి దక్షిణానికి, సింగపూరుకి వచ్చి, సెంబవాంగ్ నౌకాస్థావరంలో ఆయుధాల కొట్టులో వడ్రంగిగా చేరాడు. అక్కడి తెల్లదొరలు జొహోరు అడవుల్లోకి వేటకి పోతూ కొలతలకి ఆయన దగ్గరికే వచ్చేవారు. స్థావరం మూతపడ్డాక ఓడలు బాగుచేసే యార్డులో చేసి రిటైరయ్యాడు. పెళ్ళి మాట ఎవరెత్తినా, చూద్దాంలే అనేవాడు. అలా చూస్తూ చూస్తూ ముప్పై తొమ్మిదేళ్ళు గడిపేశాడు.

ఇప్పుడు రోజూ ఆరింటికి ఆమె తెచ్చిన టీ తాగుతూ, వాన గురించీ కూరల గురించీ మాట్లాడుకుంటారు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు. ఆ అరగంట కోసమే ఆయన మిగతా ఇరవై మూడున్నర గంటలూ గడుపుతున్నాడని ఆ బ్లాకులో పిల్లలకి కూడా తెలుసు.

ఇదిలా ఉండగా రెండువేల సంవత్సరం వచ్చింది. సింగపూరులో మనిషికో వెబ్‌సైటు లేచింది. చేపలకి వెబ్‌సైటు, జాతకాలకి వెబ్‌సైటు, పోయిన కుక్కలకి వెబ్‌సైటు. పాయా లేబర్‌లో శర్మిల పనిచేసే కంపెనీకి న్యూజీలాండ్ నుంచి వేట సామాన్ల దుకాణం వాడొకడు తగిలాడు. వాడికి కావలసింది ఒక పేజీ. కొనేవాడు నాలుగు ప్రశ్నలకి జవాబులు కొడితే, నీకు తగిన తుపాకీ ఇదీ అని చెప్పాలి. ఆ పని స్పందన నెత్తిన పడింది. కరీంనగర్ పిల్ల, ఇరవై ఆరేళ్ళు, ప్రోగ్రాములు రాయడంలో దిట్ట. తుపాకీని మాత్రం బ్యాంకు వాచ్‌మన్ భుజాన తప్ప ఎక్కడా చూడలేదు. శర్మిలే ఆమెని వెంటబెట్టుకుని వచ్చి పరశురాముడికి అప్పజెప్పింది.

"అంకుల్, జింకల వేటకు బెస్ట్ రైఫిల్ ఏదో చెప్పుర్రి" అంది స్పందన నోటుబుక్కు తెరిచి. "దాన్ని ఫస్ట్‌ల పెడ్త. మిగతాయన్నీ ఆర్డర్‌ల పెడ్త."

పరశురాముడు నవ్వాడు. "సెప్పుల కొట్టుకెల్లి మంచి సెప్పులేటని అడుగుతావేటి తల్లీ? ముందు కాలు సూపించాల."

"అయితే ఏం అడగాలె?"

"ఎక్కడ ఏటాడతావు అని అడుగు. దట్టమైన అడవయితే పొట్టి తుపాకీ గావాల, పొడుగుదైతే కొమ్మలకి తగులుకుంటాది. కొండలయితే దూరం కొట్టాల, అప్పుడు పొడుగు గొట్టం. పొద్దున్న మొయ్యగలవా అని అడక్కు. పొద్దున్న అందరూ మోస్తారు. సాయంత్రం కూడా మొయ్యగలవా అని అడుగు."

"గుండు సైజ్?"

"పెద్ద గుండు పెద్ద జింకని పడగొడతాది, ఒప్పుకున్నాను. పేల్చినోడి బుజాన్ని కూడా అంత గట్టిగానూ తన్నుతాది. ఆ తన్నుకి బయపడి ముందే కన్ను మూసేవోడికి పెద్ద తుపాకీ ఎందుకు? గుండు ఎక్కడో తగిలి, జింక కుంటుకుంటూ పోయి మూడ్రోజులు బాదపడి సస్తాది. అది పాపం. కన్ను మూతపడకుండా పేల్చగలిగిందే నీ తుపాకీ, అది చిన్నదైనా సరే."

స్పందన చకచకా రాసుకుంది. శనివారం శనివారం వచ్చి నేర్చుకుంది. కన్ను పరీక్ష కూడా నేర్పాడాయన. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య పావలా అంత కంత వదిలి, రెండు కళ్ళూ తెరిచి అందులోంచి ఎదుటి మనిషి ముక్కు కొస చూడాలి. ఎదురుగా కూర్చున్నవాడికి ఆ కంతలో ఒక్క కన్నే కనిపిస్తుంది. అదే పెద్ద కన్ను. తుపాకీ ఆ కంటి వైపు భుజానికే ఎక్కాలి.

"కుడి చెయ్యోడికి కుడి కన్నే కదా అంకుల్?"

"అందరికీ కాదు. పదిమందిలో ఇద్దరు ముగ్గురు తేడాగా ఉంటారు. అలాటోల్లకి ఎడమపక్క బోల్టున్న తుపాకీ ఏరే దొరుకుతాది. మాటతో అడిగితే నాకు కుడే అంటారు. అందుకే అడక్కూడదు, ఎదురుగా కూసుని సూడాల."

ఆ శనివారం సాయంత్రమే నాగమల్లేశ్వరి టీ గ్లాసు పెడుతూ, కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడుస్తూ అంది.

"ఈ తుపాకుల పని ఒప్పయితే కంపెనీవోల్లు అక్కడే ఆపీసు పెడతారట. సర్మిలని పంపుతారట, మూడేల్లకి. ఆనక అక్కడే ఉండిపోవచ్చట. నన్నూ తీసికెల్తానంటాది."

పరశురాముడి చేతిలో గుడ్డ ఆగింది. "న్యూజీలాండా?"

"అదే. సలట."

ఏదో ఒకటి అనాలి గనక ఆయన అన్నాడు. "మంచి స్వెట్టరు కొనుక్కో. ముస్తఫా కొట్టులో దొరుకుతాయి."

ఆమె కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. "కొనుక్కుంటాను" అని, ఖాళీ కాని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆయన మనసు మనసులో లేదు. జీవితంలో రెండోసారి ఆయన చేతి కొలతే ఆమెని ఇంకో ఊరికి పంపించేస్తోంది. ఈసారి తేడా ఏమిటంటే, పని పూర్తి కాకముందే ఆయనకి సంగతి తెలిసింది. ఆమె ఉండిపోవాలి. ఆయనకి ఈ లోకంలో కావలసింది అదొక్కటే. ఆ తర్వాతి శనివారం స్పందన చేతి కొలత ఎక్కడ్నుంచి ఎక్కడికి అని అడిగితే పరశురాముడు, కళ్ళు కట్టెల మీదే ఉంచి, "మోచేతి మడత నుంచి, ఏలి రెండో కణుపు దాకా" అన్నాడు.

మొదటి కణుపు అని చెప్పాలి. తేడా అంగుళం ఉంటుంది.

స్పందన ఆఫీసుకి పోయి ఆ లెక్కనే ప్రోగ్రాము రాసింది. రాసిన ప్రతి పేజీకీ బయట నిజం మనిషితో పరీక్ష ఉంటుంది గనక, ప్రోగ్రాము చెప్పిన పొడవుకి కర్ర కోసి ఆఫీసులో వాళ్ళ చేత ఎత్తించింది. పాయా లేబర్ వీధిలో జింక జాడ లేదు. ప్యూన్ని నిలబెట్టింది, మేనేజర్ని నిలబెట్టింది, వంట్లో బాగాలేదన్నవాణ్ణి కూడా నిలబెట్టింది. తన ప్రోగ్రాములోనే తప్పు దొర్లిందనుకుని మొదటి వరస నుంచి మళ్ళీ వెతకడం మొదలుపెట్టింది.

మంగళవారం సాయంత్రం నాగమల్లేశ్వరి టీ తెచ్చి చెప్పింది. "ఆ పిల్ల మకాన్ తినడం కూడా మానేసి కంప్యూటరు ముందే కూసుంటన్నాదట. తప్పెక్కడో దొరకలేదట. శుక్రవారం లోపు అవకపోతే ఉద్యోగం ఊడుతాదని ఏడిసిందట, పాపం."

ఆయన టీ గ్లాసు ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రైలెక్కాడు. సిటీ హాల్‌లో రైలు మారి, పాయా లేబర్‌లో దిగి, ముగ్గురిని అడిగి ఆఫీసు పట్టుకున్నాడు. స్పందన బల్ల ముందు నిలబడి, అందరూ వినేలాగే చెప్పాడు.

"తప్పు నీది కాదు తల్లీ, నాది. రెండో కణుపు కాదు. మొదటి కణుపు."

"మర్చిపోయిన్రా అంకుల్?"

"నేదు. తెలిసే సెప్పేను."

స్పందన ఎర్రబడిన కళ్ళతో ఆయన్ని చూసింది. ఎందుకని అడగబోయి, అవతలి బల్ల దగ్గర్నుంచి ఆత్రంగా వస్తున్న శర్మిలని చూసి, అడగలేదు. ఒక అంకె మార్చింది. ప్రోగ్రాము చెప్పిన పొడవుకి కర్ర కోయించి, కళ్ళు మూసుకుని, కిటికీ దగ్గర తనే భుజానికెత్తుకుంది. కింద కార్లు నిలిపే చోట, రెండు లారీల మధ్య, జింక నిలబడి పైకి చూస్తోంది. లారీ వెనక్కి తీయబోతున్న డ్రైవరు ఇంజను ఆపి, అది వెళ్ళేదాకా ఆగాడు.

"వా, అంకుల్! క్యాన్ ఆల్రెడీ లా! కుదిరిపోయింది!" అని శర్మిల ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "థాంక్యూ అంకుల్, అమ్మకి ఇప్పుడే ఫోన్ చేస్తా."

తిరుగు రైల్లో పరశురాముడికి కూర్చోడానికి సీటు దొరికింది గాని ఆయన సెంబవాంగ్ దాకా నిలబడే ఉన్నాడు. ఏడవాలనిపించింది. రైలునిండా జనం.

న్యూజీలాండ్ వాడు పేజీ చూసి మురిసిపోయాడు. రెండు వారాల్లో అన్నీ జరిగిపోయాయి. శర్మిలకి కాగితాలొచ్చాయి, ఇద్దరికీ విమానం టికెట్లొచ్చాయి, మంగళవారం ప్రయాణం. నాగమల్లేశ్వరి టీ తేవడం మానలేదు. సామాను ఎంత సర్దిందో, ఇంకెంత మిగిలిందో చెప్పేది. ఆయన ఊ కొట్టేవాడు. తుడిచిన కట్టెనే మళ్ళీ తుడిచేవాడు.

ప్రయాణం ముందు శనివారం స్పందన మిఠాయి పొట్లంతో వచ్చింది. ఇంకో పని కూడా ఉంది. సోమవారం నుంచి పేజీ లోకానికంతా తెరుస్తున్నారు. ఆ లోపు మొదటి ప్రశ్న నుంచి చివరి దాకా ఒకసారి పూర్తిగా నడిపి చూసుకోవాలి.

"మీరు కస్టమర్, నేను కంప్యూటర్‌ను. మీకు అన్నీ తెలుసని మర్చిపోర్రి. నేను అడిగినదానికే జవాబు చెప్పుర్రి."

"నాను అడిగీవోన్ని. నన్నెవులూ అడగనేదెప్పుడూ" అన్నాడాయన, కాస్త సిగ్గుపడుతూ.

"అందుకే అడుగుతున్న. ఎక్కడ వేటాడతరు?"

"తోట సివర. కొబ్బరిసెట్ల కింద."

"ఎంత దూరం నుంచి కొడతరు?"

"అరవై గజాలు. కొళాయి అంత దూరం."

స్పందన తల పంకించి రాసుకుంది. "నెక్స్ట్. దేనికోసం వేట? మాంసమా, కొమ్ములా, సరదాకా? వేరే ఏమన్నా ఉంటే కూడ చెప్పొచ్చు."

పరశురాముడు మైదానం వంక చూశాడు. ఎవరో అమ్మాయి సైకిలు నేర్చుకుంటోంది.

"పెళ్ళికి" అన్నాడు.

స్పందన కలం ఆగింది. పిల్ల తెలివైనది. అబద్ధం కొలత, శర్మిల ప్రయాణం, ఆరింటి టీ గ్లాసు, మూడూ ఆమె మనసులో ఒకచోటికి వచ్చి చేరాయి. పెళ్ళికి అని రాసుకుని, కాగితం తిప్పింది.

"ఇప్పుడు కన్ను. చేతులు చాపుర్రి. నా ముక్కు చూడుర్రి."

పరశురాముడు చేతులు చాచాడు. ఈ చేతుల మధ్య కంతలోంచి ఎన్ని వందలమంది ఆయన ముక్కు కొస చూసి ఉంటారో లెక్కలేదు. ఎవరి కన్ను ఏదో ఆయనే చూసి చెప్పాడు. ఆయన కన్ను ఏదో చూడ్డానికి ఆయనకి ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు. తండ్రి ఉంటే చూసేవాడేమో. తండ్రి పోయాకే ఆయన టేపు పట్టుకున్నాడు.

"ఎడమ కన్ను అంకుల్" అంది స్పందన.

"కాదు తల్లీ. సరిగ్గా సూడు."

"మళ్ళ చాపుర్రి... ఎడమ."

"నాను కుడిసేతివోన్ని."

"మీరే చెప్పిన్రు కద, అడగొద్దు చూడాలె అని. నేను చూస్తున్న. ఎడమ కన్నే కనిపిస్తుంది."

మూడోసారి కూడా ఎడమే. పరశురాముడు చేతులు దింపి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు ఆయనకి నాయనమ్మ సూరమ్మ గుర్తొచ్చింది. నాలుగేళ్ళవాడు ఎడం చేత్తో అన్నంలో చెయ్యి పెడితే, అప్రాచ్యపు పని అని ఒక్కటేసి, పాత చీర చించి ఆ చేతిని నడుముకి కట్టేసేది. కుడిచేత్తో తింటేనే ముద్ద. కుడిచేత్తో ఇస్తేనే పుచ్చుకునేది. ఏడాదిపాటు కట్టింది. ముసలిదానికి మనవడి మీద ప్రాణం. నలుగురిలో నవ్వులపాలు కాకూడదని ఆమె తాపత్రయం. చెయ్యి మారిపోయింది. ఎడం చెయ్యి సంగతి అందరూ మరిచిపోయారు, వాడితో సహా. కన్నుకి మాత్రం ఎవరూ గుడ్డ కట్టలేదు.

ఆయన లేచాడు. నాలుగు కట్టెల్లో రెండోది తీసుకున్నాడు. ఎడమ భుజానికి ఎత్తుకోబోతే చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు, పసివాడిలా తడుముకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మడమ వచ్చి భుజపు గుంటలో కూర్చుంది, చెంప వంపుకి ఆనింది. ఎక్కడా ఒత్తిడి లేదు. తన కొలతకి ఎవరో చెక్కిపెట్టి ఉంచినట్టుంది.

కళ్ళు తెరిచాడు.

సైకిలు నేర్చుకునే అమ్మాయి కాలు కింద పెట్టి ఆగింది. వంతెన స్తంభాల దగ్గర జింక నిలబడి ఉంది. మెడ మీద జూలు, తడి ముక్కు, ఒక చెవి మీద పాత చీరిక. అన్నీ కనిపిస్తున్నాయి. అది ఆయన్నే చూస్తోంది. ఆయన ఊపిరి వదిలాడు. వెళ్ళలేదు. ఇంకోసారి వదిలాడు. వెళ్ళలేదు. పైన రైలు పోయింది, అయినా కదల్లేదు. పరశురాముడి కళ్ళలోంచి నీళ్ళు కారి కొయ్య మీద పడుతున్నాయి. ఆ నీళ్ళలో సంతోషమెంతో, పోయిన ముప్పై తొమ్మిదేళ్ళ దిగులెంతో ఆయనకే తెలియదు.

వెనక స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడయింది. నాగమల్లేశ్వరి వచ్చింది. పక్కన శర్మిల కూడా ఉంది, ఆయనకి వెళ్ళొస్తామని చెప్పడానికి. నాగమల్లేశ్వరి జింకని చూసింది. ఎత్తిన కట్టెని చూసింది. అది ఏ భుజాన ఉందో చూసింది.

"ఎవులికి నిలిసింది?" అంది, గొంతు తగ్గించి.

"అంకుల్‌కే ఆంటీ" అంది స్పందన.

పరశురాముడు కట్టె దింపి బల్ల మీద పడుకోబెట్టాడు. చొక్కా సర్దుకున్నాడు. జింక ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు అనకపోతే ఇంక ఎప్పటికీ అనలేనని ఆయనకి తెలిసిపోయింది. ఆమె వైపు తిరిగాడు. కూతురుందని చూడలేదు, పరాయి పిల్ల ఉందని చూడలేదు.

"ఎల్లకు మల్లేశ్వరీ" అన్నాడు. "నువ్వు ఎల్లిపోతే నానుండలేను. ఉండిపో."

శర్మిల నోరు తెరిచింది, స్పందన ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది.

నాగమల్లేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసేసింది. కోపమో ఏడుపో తెలియకుండా ఆమె ముఖం అదిరింది.

"ఇరవై ఎనిమిది రోజులు కొళాయి కాడ నిలబడ్డాను. దేనికనుకున్నావు, జింకని సూడ్డానికా? ఈ ముక్క ఆ రోజు ఒక్కసారి అనుంటే, జింక నేకపోయినా నీ ఎనకాల ఒచ్చీదాన్ని కదయ్యా."

పరశురాముడు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి ఆ మాట వినడం సుఖంగానూ ఉంది, ఓర్చుకోలేకుండానూ ఉంది. ముప్పై తొమ్మిదేళ్ళూ ఆయన కొలతలు సరిచూసుకుంటూనే గడిపాడు. ఆమెని ఒక్క మాట అడగాలని ఆయనకి తట్టనేలేదు.

"మా, హౌ?" అంది శర్మిల ఏడుపు గొంతుతో. "ట్యూస్‌డే ఫ్లైట్ మా."

"నువ్వెల్లి రామ్మా. నీ పని నీది" అంది నాగమల్లేశ్వరి, కూతురి తల నిమిరి. తర్వాత, ఎప్పుడూ కూర్చునే ఎదుటి చోట కాకుండా, పరశురాముడి పక్కకి వచ్చి కూర్చుంది. టీ గ్లాసు ఆయన ముందుకి జరిపి, కూతురితో అంది. "పైకెల్లి నా పెట్టె ఇప్పేయ్. పచ్చళ్ళు అడుగున పెట్టేను, జాగర్త. సీసా పగలగొట్టకు."

శర్మిల కళ్ళు తుడుచుకుని లిఫ్టు వైపు నడిచింది. స్పందన కాగితాలు తీసుకుని ఆమె వెంట వెళ్ళింది.